చేతులు ఆనించకుండా ఐదుసార్లు

వడ్రంగి ఏడో తరగతితో బడి మానేయడానికి కారణం విజిల్ మాస్టారు. ఈ మాట వడ్రంగి నలభై ఏళ్లుగా చెబుతూనే ఉన్నాడు. పెళ్లైన మర్నాడే పెళ్లానికి చెప్పాడు. తలుపులు చేయించుకోడానికి వచ్చినవాళ్లకి కొలతలు తీసుకుంటూ చెప్పాడు. కరెంటు మీటరు చూడడానికి వచ్చిన మనిషిని నిలబెట్టి మరీ చెప్పాడు. డ్రిల్లు పీరియడ్‌లో మాస్టారు ఎడమ కాలు అంటే తను కుడి కాలు ఎత్తాడట. అంతే. బడి మొత్తం చూస్తుండగా వరసలోంచి బయటికి లాగి, పీరియడ్ అయ్యేదాకా ఎండలో నిలబెట్టి, "ఎడమేదో కుడేదో తెలియనివాడికి చదువెందుకురా?" అన్నాడట ఆ మహానుభావుడు. మర్నాటి నుంచి వడ్రంగి పలక వదిలి రంపం పట్టాడు.

అంతటితో పోయినా బాగుండేది. ఉద్యోగం చేసినన్నాళ్లూ కూడబెట్టుకున్న దానితో మాస్టారు రిటైరయ్యాక ఒక వాటా కొనుక్కున్నాడు. ప్రపంచంలో ఇంకెక్కడా ఇల్లే దొరకనట్టు సరిగ్గా వడ్రంగి నెత్తి మీదే కొన్నాడు. కింది వాటా, వెనక పెరడు వడ్రంగివి. పై వాటా, దాని బాల్కనీ మాస్టారివి. పైకి వెళ్లే పద్నాలుగు మెట్లూ పెరట్లోకే దిగుతాయి. ఆ మెట్ల పక్కన ఇనప కమ్మీ ఒకటి ఉండేది. తుప్పుపట్టి రెండేళ్ల కిందట ఊడిపోయింది. చెక్కతో కొత్తది చేయడం వడ్రంగికి ఒక పూట పని. కానీ అడగనిదే అమ్మైనా పెట్టదు. మాస్టారు అడగలేదు, వడ్రంగి పెట్టలేదు.

అలాంటి రోజుల్లో ఆ జబ్బు వచ్చి ఊళ్లన్నీ మూతపడ్డాయి. పెద్దవయసువాళ్లు గడప దాటితే ప్రాణం మీదికి వస్తుందని రేడియోలో, ఫోనులో ఒకటే హోరు. వడ్రంగి తల్లికి డెబ్బై ఆరేళ్లు, కాస్త షుగరు, బోలెడంత నోరు. పని ఎలాగూ లేదు, కలప ఊరికే పడి ఉంది. అమ్మను కాలు కదపనివ్వకుండా కాపాడుకోవాలనుకున్నాడు వడ్రంగి. పదకొండు రోజులు కష్టపడి ఆవిడకి ఒక కుర్చీ చేశాడు.

కుర్చీ అంటే కుర్చీ కాదు. పడుకున్నట్టు వెనక్కి వాలే వీపు, నేలకి పదమూడు అంగుళాల ఎత్తులో మెత్తని లోతైన సీటు, వెడల్పాటి చేతులు. కుడి చేతి కింద సొరుగు. అందులో వారానికి ఏడు గళ్లు, ఏ రోజు మాత్రలు ఆ గడిలో. ఎడమ చేతికి నీళ్ల సీసా పట్టేంత గుంట. ఫోనుకి గూడు, కళ్లజోడుకి కొక్కెం, మాస్కుకి ఇంకో కొక్కెం. కూర్చున్న చోటి నుంచే తాడు లాగితే కిటికీ తలుపు తెరుచుకునేది. కొన్నాళ్లకు కాళ్లకి చక్రాలు కూడా వచ్చాయి.

"లేచే పనే లేదమ్మా నీకు," అన్నాడు వడ్రంగి, చిత్రిక పట్టిన చెక్కను అరచేత్తో నిమురుతూ.

"నా కొడుకు నన్ను మహారాణిని చేశాడు," అంది అమ్మ. ఫోనులో చుట్టాలందరికీ కుర్చీ చూపించింది. కోడలిని మాత్రం, "అమ్మాయ్, కాస్త ఇటు తొయ్యి, కాస్త అటు తొయ్యి," అంటూ రోజుకి ఇరవైసార్లు పిలిచేది.

పై నుంచి మాస్టారు బాల్కనీ గోడ మీదుగా తొంగిచూసి అన్న మాట ఒక్కటే. "ఏరా, మీ అమ్మకి కుర్చీ చేశావా, బోను చేశావా?"

"చూశావా! ఏడుపు," అన్నాడు వడ్రంగి పెళ్లాంతో, పైకి వినిపించేలా.

ఐదు నెలలు గడిచాయి. ఒకరోజు పొద్దున స్నానాల గదిలోంచి, "ఒరేయ్!" అని కేక. మొగుడూ పెళ్లాం పరుగెత్తారు. అమ్మ గోడకి ఆనుకుని నేల మీద కూలబడి ఉంది. దెబ్బ తగల్లేదు. లేవలేకపోయింది, అంతే. కాళ్లు ఆవిడవే, మాట మాత్రం వినడం లేదు. ఇద్దరూ చెరో చంక పట్టుకుని లేపేసరికి ముగ్గురికీ చెమటలు పట్టాయి.

ఆస్పత్రికి తీసుకెళ్లాలంటే భయం. ఎటు చూసినా జ్వరాలే. అందుకని ఫోనులో డాక్టరమ్మని పట్టుకున్నారు. ఆవిడ అమ్మని కుర్చీలోంచి లేవమంది. అమ్మ రెండు చేతులూ ఆనించి, ఊగి, మూలిగి, మళ్లీ కూలబడింది. డాక్టరమ్మ ఫోను కాస్త వెనక్కి పట్టమని కుర్చీ అంతా చూసింది. సొరుగు, కొక్కేలు, తాడు, చక్రాలు.

"ఇది చేసిన మహానుభావుడెవరు?"

వడ్రంగి గొంతు సవరించుకున్నాడు. "నేనేనండి." పొగుడుతుందనుకున్నాడు.

"చాలా బాగుంది. ముందు దీన్ని ఆవిడకి దూరంగా పెట్టండి. ఐదు నెలలు కూర్చోబెట్టి కాళ్లలో కండంతా కరిగించేశారు. చూడండి, వచ్చే నెల ఇదే రోజున ఫోను చేస్తాను. మామూలు కుర్చీలోంచి, చేతులు గుండె మీద కట్టుకుని, దేన్నీ ఆనించకుండా ఐదుసార్లు లేచి కూర్చోవాలి. లేచారా, కాళ్లు తిరిగొచ్చినట్టే. లేవలేదా, ఈసారి పడితే తుంటి ఎముక విరుగుతుంది. ఇక మంచమే. నడక, ఎండ, నీళ్లు, నలుగురితో నాలుగు మాటలు. ఇవే మందులు."

కొండ నాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడింది. వడ్రంగి ఆ పూట అన్నం ముట్టలేదు. తన చేత్తో, తన రంపంతో, పదకొండు రోజులు కూర్చుని అమ్మ కాళ్లు కోసేశాడు. పనితనం లేనివాడైతే ఏదో బల్ల పడేసి ఊరుకునేవాడు. ఆవిడ నడుం నొప్పెట్టి తనే లేచి తిరిగేది.

మధ్యాహ్నం తల్లికి కసరత్తు మొదలుపెట్టబోయాడు. "లేమ్మా."

"లేవను. కాళ్లు నొప్పి."

"డాక్టరమ్మ చెప్పింది కదే!"

"ఆవిడ వచ్చి లేవమను. కనిపెంచినదాన్ని నన్ను లేవమనడానికి నువ్వెవడివిరా?"

కోడలు చెప్పి చూసింది. "అత్తయ్యా, ఒక్కసారి."

"నువ్వు అసలే మాట్లాడకు. నిన్ను ఇరవైసార్లు పిలుస్తున్నానని కక్ష."

సరిగ్గా అప్పుడు పై నుంచి చెవులు చిల్లులు పడేలా విజిల్ మోగింది. అమ్మ ఉలిక్కిపడి నిటారుగా కూర్చుంది. నలభై ఏళ్ల తర్వాత కూడా వడ్రంగి మడమలు వాటంతట అవే దగ్గరకొచ్చాయి.

"అమ్మగారూ!" అన్నాడు మాస్టారు బాల్కనీలోంచి. డెబ్బై ఎనిమిదేళ్ల మనిషి, గొంతు మాత్రం ముప్పై ఎనిమిదిది. "అంతా విన్నాను. కింద ఏం మాట్లాడినా నాకు వినిపిస్తుంది, నన్ను తిట్టే తిట్లతో సహా. రేపు ఏడున్నరకి మీరు పెరట్లో ఉండాలి. ఆలస్యం చేస్తే ఊరుకోను."

"అలాగేనండి మాస్టారూ," అంది అమ్మ, బుద్ధిమంతురాలిలా.

వడ్రంగికి ఒళ్లు మండింది. కన్నకొడుకు చెబితే కాదు, కోడలు చెబితే కాదు, ఎవడో విజిల్ ఊదితే లేస్తుందట! కానీ నెల రోజులే గడువు. కోపం మింగేసి పెరట్లోకి వెళ్లి చోటు చూశాడు.

చోటు ఎక్కడిది? గోడ పొడుగునా టేకు పలకలు పేర్చి ఉన్నాయి. అవి జరిపితే కానీ మనిషి నడవడానికి దారి రాదు. "పలకలు జరపరా," అన్నాడు మాస్టారు పై నుంచి. "ఇంకా. ఇంకా. మనిషి ఒళ్లు తిరగాలా వద్దా?" వడ్రంగి పళ్లు నూరుతూ జరిపాడు. ఏకు మేకవుతోందని అతనికి ఆ రోజే అనుమానం వచ్చింది.

నడకకి మాస్టారు ఉన్నాడు. లేవడానికి ఉపాయం మాత్రం వడ్రంగిదే. చేతులు లేని మామూలు కుర్చీ ఒకటి చేశాడు, పదిహేడు అంగుళాల ఎత్తు. దాని నాలుగు కాళ్లూ పట్టేటంత అరంగుళం మందం చెక్కలు ఎనిమిది కోసి, ఒకదాని మీద ఒకటి పేర్చి, కదలకుండా మరలు బిగించి, కుర్చీని వాటి మీదికి ఎక్కించాడు. ఎత్తు ఇరవై ఒక్క అంగుళాలైంది. అంత ఎత్తు నుంచి ఎవరైనా లేస్తారు. లేచిన కొద్దీ, మూడు రోజులకొకసారి, కింద నుంచి ఒక చెక్క లాగేస్తాడు. అరంగుళం తగ్గిందని కాళ్లకి తెలియకూడదు. గోటితో పోయేదానికి గొడ్డలి ఎందుకు?

మాస్టారు పై నుంచి చూసి, "ఎవడు చెప్పాడురా నీకు?" అన్నాడు.

"ఎవడూ చెప్పలేదు. బడి మానేశాను కదా, బుర్ర మిగిలింది," అన్నాడు వడ్రంగి.

రోజూ ఏడున్నరకి విజిల్. అమ్మ మాస్కు పెట్టుకుని, కోడలి చెయ్యి పట్టుకుని ఎండలోకి వచ్చేది. గోడ పొడుగునా నాలుగుసార్లు, తర్వాత ఆరు, తర్వాత పది. పదిసార్లకి గ్లాసుడు నీళ్లు. నీళ్లు తాగిందో లేదో మాస్టారు పై నుంచి గ్లాసు బోర్లించి చూపించమనేవాడు. అమ్మ పువ్వుల కుండీలో పారబోసి బోర్లించింది ఒకసారి. "కుండీకి షుగరు లేదమ్మగారూ, మీకుంది. ఇంకో గ్లాసు!" అన్నాడు మాస్టారు.

కుర్చీ దగ్గర ఆవిడ దొంగవేషాలు మరీ ఎక్కువ. చేతులు గుండె మీద కట్టుకుని, మోచేత్తో తొడని నొక్కి లేచేది.

"మోచెయ్యి!" అని విజిల్.

"మోచెయ్యి చెయ్యి ఎలా అవుతుందండీ?"

"అయితే దాన్ని ఏమంటారు, ముక్కా?"

కోడలు పగలబడి నవ్వేది. ఇంట్లో ఐదు నెలలుగా ఎవరూ అంత గట్టిగా నవ్వలేదు. అమ్మకి ఆకలి పెరిగింది, మధ్యాహ్నం కునుకు తగ్గి రాత్రి నిద్ర పట్టింది. కోడలిని పిలిచేది ఇరవైసార్ల నుంచి ఆరుసార్లకి దిగింది. వడ్రంగి ఒక్కడే నవ్వలేదు. ఒక మూల రంపపు పొట్టు ఊడుస్తూ పెళ్లాంతో గొణిగేవాడు.

"ఎదుటివాడికి చెప్పేటందుకే నీతులు. ఐదు నెలలైంది, ఆయన ఒక్క మెట్టు దిగాడా? సరుకులు కూడా తాడు కట్టి బుట్టలో లాక్కుంటాడు. మాట్లాడితే దూరం పాటిస్తున్నానంటాడు."

"పోనీలెండి, ముసలాయన," అనేది పెళ్లాం.

"ముసలాయన కాదు, దొర. ఒకప్పుడు ఎండలో నిలబెట్టాడు, ఇప్పుడు నీడలో కూర్చుని ఊదుతున్నాడు."

ఆరు చెక్కలు పోయేదాకా అంతా సాఫీగా సాగింది. తర్వాత బండి ఆగింది. రెండు చెక్కలు మిగిలాయి. పద్దెనిమిది అంగుళాలు. అక్కడి నుంచి అమ్మ చేతులు ఆనించకుండా లేవలేదు. సగం లేచేది, మోకాళ్లు వణికేవి, "నా వల్ల కాదురా," అని కూలబడేది. ఒక రోజు కాదు, రెండు రోజులు కాదు, ఎనిమిది రోజులు. డాక్టరమ్మ ఫోనుకి ఇంక మూడు రోజులే ఉంది. మాస్టారు కూడా విజిల్ మెల్లిగా ఊదడం మొదలుపెట్టాడు. అది వింటే వడ్రంగికి ఇంకా భయం వేసింది.

ఆ రోజు పొద్దున కుర్చీ కాలు ఒకటి లొడలొడలాడుతుంటే వడ్రంగి జిగురు పెట్టి ఆరబెట్టాడు. షుగరు మాత్రలు అయిపోయాయని మందుల షాపుకి బయల్దేరాడు. అమ్మ ఎండలో కూర్చుంటానంటే కోడలు వడ్రంగి పనిపీట తెచ్చి వేసి, గిన్నెడు బఠానీ కాయలు ఒళ్లో పెట్టి, లోపలికెళ్లి కుట్టుమిషను మీద మాస్కులు కుట్టుకుంటోంది. మిషను చప్పుడులో ఆవిడకి ఇంకేమీ వినపడదు.

మందుల షాపు ముందు దూరం కోసం గీసిన సున్నాల్లో ఒక్కో సున్నాలో పది నిమిషాలు నిలబడి, వడ్రంగి తిరిగొచ్చి పెరటి తలుపు తోశాడు.

పీట ఖాళీగా ఉంది.

తల తిప్పి చూశాడు. అమ్మ మెట్ల కింద నిటారుగా నిలబడి ఉంది, పక్కన ఎవరూ లేరు. రెండు చేతులతో బఠానీల గిన్నె పట్టుకుని, తలెత్తి, ఎవరినో చడామడా తిడుతోంది. పైన, మూడో మెట్టు మీద, విజిల్ మెడలో వేలాడుతుండగా, గోడకి అతుక్కుపోయి కూర్చున్నాడు మాస్టారు.

"అమ్మా! నిన్ను ఎవరు లేపారు?"

"ఎవరు లేపుతారురా? పైన ఈయన కుయ్యి కుయ్యిమని ఊదుతుంటే వచ్చాను. నీ పెళ్లానికి వినపడదు, నువ్వు ఇంట్లో ఉండవు!"

"ఎలా లేచావు?"

"ఎలా లేస్తారు? కాళ్లతో!"

"చేతులు?"

అమ్మ గిన్నె వైపు చూసుకుంది. గిన్నె అంచుదాకా బఠానీ కాయలు. ఒక్క కాయ జారిపడలేదు. ఆవిడ నోరు మూతపడింది. అది ఆ ఇంట్లో ఎప్పుడో కానీ జరగదు.

ఇంకొకడైతే తల్లిని కావలించుకునేవాడు. వడ్రంగి జేబులోంచి టేపు తీసి, మోకాళ్ల మీద కూర్చుని పీట కొలిచాడు. మళ్లీ కొలిచాడు. "పదహారున్నర," అన్నాడు. "అమ్మా, పదహారున్నరే! చెక్కల్లేని కుర్చీ కన్నా అరంగుళం తక్కువే!"

"ముందు నా సంగతి చూడరా, తర్వాత కొలుచుకుందువుగాని," అన్నాడు మాస్టారు పై నుంచి.

"అక్కడ ఎందుకు కూర్చున్నారు మాస్టారూ?"

మాస్టారు విజిల్ తాడు వేలికి చుట్టుకున్నాడు. తర్వాత నిజం చెప్పాడు. ఐదు నెలలు ఇంట్లో కూర్చునేసరికి ఆయన మోకాళ్లూ పట్టేశాయి. కమ్మీ లేని మెట్లు చూస్తే కళ్లు తిరిగేవి. కింద అమ్మగారు రోజురోజుకీ గట్టిపడుతుంటే సిగ్గేసి, తనూ లోపల కుర్చీ పట్టుకుని రహస్యంగా సాధన చేశాడు. ఇవాళ వడ్రంగి ఇంట్లో లేడు, అమ్మగారు కాయల ధ్యాసలో ఉంది కదా అని దిగబోయాడు. మూడో మెట్టు మీద కాళ్లు బిగుసుకుపోయాయి. పైకీ పోలేడు, కిందికీ రాలేడు.

"కమ్మీ చేయించమని ఒక్క మాట అడిగితే ఏం పోయేది?" అంది అమ్మ.

"మీవాడిని అడగాలంటే భయమండి. నన్ను చూస్తే నిప్పులు కక్కుతాడు. ఎందుకో తెలియదు."

ఎందుకో తెలియదట! వడ్రంగికి నలభై ఏళ్లు ఒక్కసారిగా నెత్తికెక్కాయి. "ఎందుకో తెలియదా? నన్ను బడంతా చూస్తుండగా ఎండలో నిలబెట్టలేదూ? ఎడమేదో కుడేదో తెలియనివాడికి చదువెందుకని అనలేదూ?"

మాస్టారు నిజంగానే ఆలోచించాడు. "నేనా? నిన్నా? ఎప్పుడురా?"

ఇన్నాళ్లు మోసిన బరువు, అవతలివాడికి గుర్తే లేదు. నిలబెట్టినదాని కన్నా ఇది ఎక్కువ కాలింది. అయినా మెట్ల మీద ముసలి మనిషిని పెట్టుకుని తగాదా ఏమిటి? వడ్రంగి మాస్కు సరిచేసుకుని, షెడ్డులోంచి తొమ్మిది అడుగుల చెక్క బద్ద ఒకటి తెచ్చాడు. ఒక కొన తను పట్టుకుని, రెండో కొన పైకి చాపాడు. "దీన్ని కమ్మీ అనుకోండి. నేను వదలను. నేను చెప్పినట్టు దిగాలి."

"సరే."

"ఎడమ కాలు."

మాస్టారు కాలు దింపాడు.

"అది కుడి, మాస్టారూ," అన్నాడు వడ్రంగి. ఆ మాట అంటుంటే పంచదార చప్పరించినట్టుంది. "ఎడమ. అన్నం తినే చెయ్యి వైపు కాదు, రెండోది."

మాస్టారు పైనా, వడ్రంగి కిందా. మధ్యలో బద్ద. అమ్మ బఠానీల గిన్నె చంకన పెట్టుకుని, ఒక్కో మెట్టుకీ, "నాలుగు! ఐదు! నడుం నిటారుగా! మోచెయ్యి ఆనించకండి!" అని అరిచింది. మిషను ఆపి బయటికొచ్చిన కోడలు గుమ్మంలో నిలబడి నవ్వలేక చచ్చింది. పద్నాలుగో మెట్టు దిగి నేల మీద కాలు పెట్టగానే మాస్టారు విజిల్ అందుకుని గట్టిగా ఊదాడు. కళ్లలో నీళ్లు. ఎండ వల్ల అన్నాడు.

ఆరడుగుల దూరంలో ఆయనకి పనిపీట వేశారు, టీ ఇచ్చారు. అమ్మ తీరిగ్గా కాయలు వలుస్తూ అంది. "మాస్టారూ, మీరేం మనసులో పెట్టుకోకండి. వీడు బడి మానింది మీ వల్ల కాదు. మర్నాడు లెక్కల పరీక్ష."

"అమ్మా!"

"కాదంటావా? జ్వరమని దుప్పటి కప్పుకుని పడుకోలేదూ?"

కోడలు మొగుడి వైపు అలా చూస్తూ ఉండిపోయింది. పెళ్లైన మర్నాటి నుంచి వింటున్న కథ మరి.

మూడో రోజున డాక్టరమ్మ ఫోను చేసింది. అమ్మ మామూలు కుర్చీలో, చెక్కల్లేకుండా, చేతులు గుండె మీద కట్టుకుని ఐదుసార్లు లేచింది. అడక్కుండానే ఆరోది కూడా లేచి, "చాలా, ఇంకా కావాలా?" అంది. డాక్టరమ్మ చప్పట్లు కొట్టింది. చిత్రిక పట్టిన ఆ మహారాణి కుర్చీని వడ్రంగి తన చేత్తోనే విప్పి, దాని కలపతో మెట్లకి కమ్మీ చేశాడు. మాత్రల సొరుగు మాత్రం ఉంచాడు, అది మంచిదే.

ఇప్పుడు పొద్దున ఏడున్నరకి పెరట్లో ఇద్దరు. ఆరడుగుల దూరంలో ఒకరి వెనక ఒకరు, ముందు ఎవరు నడవాలని రోజూ పోట్లాట. విజిల్ ఒక రోజు ఆయన మెడలో, సబ్బుతో కడిగాక ఒక రోజు ఈవిడ మెడలో. దారికి రెండు వైపులా చెక్క బద్దలు పాతించారు, కాలు జారకుండా ఇసక పోయించారు. పని మళ్లీ మొదలైంది, టేకు పలకలు వెనక్కి జరుపుకుంటానని వడ్రంగి అన్నాడు. ఇద్దరూ ఒకేసారి విజిల్ కోసం చెయ్యి చాపారు. పలకలు ఇప్పుడు ఇంట్లో, మంచం కింద ఉన్నాయి.

వడ్రంగి విజిల్ మాస్టారిని ఇప్పటికీ క్షమించలేదు. తలుపులకి వచ్చినవాళ్లకి కథ ఇప్పటికీ చెబుతాడు, కాకపోతే బడి మాట తీసేశాడు. ఇప్పుడు పెరట్లోకి తీసుకెళ్లి, టేపు లాగి చూపిస్తాడు. పొడవు ముప్పై ఆరు అడుగులు, వెడల్పు మూడున్నర. కాగితం అక్కర్లేకుండా లెక్క చెబుతాడు. విజిల్ మాస్టారి వల్ల పోయిన నేల నూట ఇరవై ఆరు చదరపు అడుగులు.